ముసలి దగ్గు

చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి నేను తిరిగి వెళ్లేనాటికి పాపకు మూడో నెల. దాన్ని చూసుకోవడానికి రామన్నపేట దగ్గరి మా ఊరి నుంచి అవ్వ వచ్చి మా కిరాయి గదిలో ఉండింది. అవ్వంటే మా బాపు తల్లి. మోకాళ్లు పట్టేసేదాకా గొర్రెలు కాసిన మనిషి.

ఆ చలికాలం నాకు జలుబు చేసింది. సెలవు అడిగితే, జలుబుకు కూడా సెలవేమిటని సూపర్‌వైజర్ నవ్వాడు. ముక్కు తుడుచుకుంటూనే డ్యూటీ చేశాను. నాలుగో రోజుకు తగ్గిపోయింది. ఈలోగా ఇంటికి రాగానే పాపను ఎత్తుకోవడం, పాలివ్వడం, ముద్దులాడటం ఏదీ మానలేదు.

తర్వాత పాపకు దగ్గు పట్టుకుంది. అవ్వకూ పట్టుకుంది. ఒక పొద్దున పాప పాలు ముట్టలేదు. అవ్వ దాని అంగీ పైకెత్తి చూసింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"గొర్రెపిల్ల గిట్ల ఊపిరి తీస్తే దక్కది. డ్యూటీ లేదు ఏం లేదు, దవాఖానకు నడువుండ్రి" అంది.

నేనూ మా ఆయనా పాపను నల్లగొండ తీసుకుపోయాం. ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇది నీ జలుబేనమ్మా అన్నాడు. మీ వయసు వాళ్లకు ముక్కు కారి పోతుంది, పసిపిల్లలకూ ముసలివాళ్లకూ ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని చెప్పి, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

"మా అవ్వున్నది సార్. మంచిగనే ఉన్నది" అన్నాను.

ఆ పొద్దునే ఫోన్‌లో ఆమె దగ్గు విన్నాను. మాట పూర్తి చేయలేకపోయింది. అడిగితే, "నాది ముసలి దగ్గు బిడ్డా. పోరిని చూస్కో" అంది. నాకు కావలసిందీ ఆ మాటే, నమ్మేశాను.

ఆరో రోజు పాపతో గదికి చేరేసరికి అవ్వ గోడకానుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడడం లేదట, రెండు రోజులుగా అలాగే కూర్చుందట. ఇంటి ఓనరమ్మ పెట్టిన అన్నం పళ్లెంలోనే ఎండిపోయింది. అదే దవాఖానకు తీసుకుపోయాం. రెండు రోజులే బతికింది.

చావుకు వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. ఎనభై దాటినయి, వయసైంది, పోయింది. చిన్నది దక్కింది, సంతోషపడమన్నారు. పాపకొస్తే రోగం, అవ్వకొస్తే వయసు. ఆమెను మింగింది నేను తెచ్చిన జలుబని చెప్పబోతే, అవన్నీ ఇప్పుడెందుకని మా ఆయన ఆపాడు.

పెద్దకర్మ నాడు బాపు నా మొహం చూడకుండా అన్నాడు. "పోరిని ఎత్కపోయిననాడే నా తల్లిని గూడ బండెక్కిస్తే ఏం బోయేది?"

దవాఖానలో ఉన్న ఆ ఆరు రోజులూ పాప ఎట్లుందని బాపు పూటపూటకూ నాకు ఫోన్ చేశాడు. ఒక్కసారీ తల్లి సంగతి అడగలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు.