కాజ్‌వే మీద ఆగిన లారీ

రాజమండ్రిలో నేను అద్దెకుంటున్న ఇంటి వెనక ఒక లారీ షెడ్డు ఉంది. పొద్దున్నే వంటింటి కిటికీ తీస్తే కాఫీ వాసన కంటే ముందు, కిరసనాయిల్లో నానిన ఇంజిన్ మసి వాసన లోపలికొస్తుంది. ఇల్లు చూపించినరోజు ఓనరుగారు నొచ్చుకుంటూ, "అలవాటైపోతుందండి" అన్నారు. నాకది చిన్నప్పట్నుంచీ అలవాటేనని ఆయనకేం తెలుసు? ఆ వాసన తగలగానే నేను చేసే మొదటి పని, వెళ్ళి వీధి తలుపు కూడా బార్లా తెరిచిపెట్టడం.

మాది గోదారి రెండు పాయల మధ్య ఒక లంక. ఇంటి చుట్టూ అరటితోటలు, వానాకాలం వస్తే వాకిట్లోనే బురదమట్ట చేపల ఆటలు, శ్రావణమాసం నోములకు ఊళ్ళోకి పోయే చక్కెరకేళి గెలల పచ్చివాసన. లంకనీ అవతలి ఏటిగట్టునీ కలుపుతూ నీటికి జానెడెత్తున ఒక కాజ్‌వే ఉండేది. ఆ గెలల్ని దాని మీదుగా రావులపాలెం మార్కెట్టుకి తోలే చిన్న లారీ మా నాన్నది.

ఆ లారీకి ఈజీఆర్ వాల్వని ఒకటుండేది. ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్ళీ దాని నోట్లోకే పంపే చిన్న తలుపులాంటిదది. ఊరిగాలి పాడవకూడదని పెట్టారట. ఆ తలుపు మసి పట్టి మూసుకోకపోతే, ఇంజిన్ తన పొగ తానే మింగి, గాలి చాలక ఉక్కిరిబిక్కిరైపోతుంది. అందుకని ఏటా ఎండాకాలంలో, అమ్మ ఆవకాయ ముక్కలు తుడుచుకునే వేళకే, నాన్న అరుగు మీద వాల్వు విప్పుకుని కూర్చునేవాడు. పాత పళ్ళెంలో కిరసనాయిలు పోసి నానేసేవాడు. ఇనుముతో గీరితే గీతలు పడతాయని వెదురుపుల్లతో గోకి, అరిగిన పళ్ళబ్రష్షుతో తోమి, చివర్న దానికున్న సన్నటి గొట్టాన్ని నోట్లో పెట్టుకుని గాలి పీల్చేవాడు. లోపలి కాడ టక్కున లేచి, వదలగానే కూర్చుంటే వాల్వు బాగున్నట్టు. "ఈ ఏడు ఆవకాయ డీజిలు కంపే" అని అమ్మ సణిగేది. మా వీధి పిల్లలమంతా ఆ మసితో మీసాలు దిద్దుకుని రాజుగారి కొలువాట ఆడుకునేవాళ్ళం. సున్నిపిండితో ఎంత రుద్దినా ఆ మీసాలు ఒక పట్టాన వదిలేవి కావు.

ఒక ఏడు ఎండాకాలమంతా కిరాయిలు తెరిపివ్వలేదు. వాల్వు విప్పనేలేదు. వానలు మొదలయ్యేసరికి లారీ నల్లగా పొగ కక్కుతూ, ఆగినచోట వణుకుతూ ఉండేది. "ఏవండీ, ఆరేసిన చీరల మీద మసి పడుతోందండీ" అంది అమ్మ. "శ్రావణం వెళ్ళనీ, చూద్దాం" అన్నాడు నాన్న.

శ్రావణం వెళ్ళకముందే గోదారికి ఎర్రటి వరదనీళ్ళు వచ్చాయి. లంక ఖాళీ చేయమని ఆటోలో మైకు పెట్టుకుని చెప్పి పోయారు. నాన్న ముందు ఇరుగుపొరుగు సామాన్లూ, మనుషుల్నీ గట్టుకి చేర్చాడు. ఆఖర్న మా ఇంటిదగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వెనక టార్పాలిన్ కింద సామాను, ముందు క్యాబిన్‌లో అమ్మ, మామ్మ, నేను, కాళ్ళ దగ్గర బియ్యం మూట, గిన్నె, లాంతరు, బుట్టలో మామ్మ కోడిపెట్ట. వాన జల్లుకి అద్దాలు పైకెత్తేశాం.

కాజ్‌వే మీద అప్పటికే నీళ్ళు పల్చగా పారుతున్నాయి. సగం దాటాం. గట్టు ఎక్కే ఎత్తు ఎదురుగా కనిపిస్తుండగా లారీ ఒక్కసారి నీరసపడిపోయి, దగ్గి, ఆగిపోయింది. నాన్న తాళం తిప్పాడు. అంటుకుంది, వణికింది, మళ్ళీ ఆరిపోయింది. అద్దంలోంచి చూస్తే వెనక మేమొచ్చిన దారి లేదు, నీళ్ళే.

"ఒరే అబ్బాయ్, ఇంటికి పోదాంరా. నా అరుగు మీద నేను కూర్చుంటాను" అంది మామ్మ.

"వెనక దారేదండీ అత్తయ్యగారూ? ఏవండీ, దిగి నడిచిపోదామండి. గట్టు ఇక్కడేగా."

"కాలు నిలవదు. ఎవ్వరూ తలుపు తియ్యకండి" అన్నాడు నాన్న. ఆ గొంతు నాకు తెలిసిన నాన్నది కాదు.

సీట్ల మధ్యనున్న ఇంజిన్ మూత లేపాడు. వేడి సెగ మా మొహాల మీదికి కొట్టింది. గాలి ఫిల్టరు చూశాడు, బాగానే ఉంది. డీజిలు పైపు తడిమాడు, దానిలోనూ లోపం లేదు. అప్పుడు వాల్వు గొట్టం ఊడదీసి నోట్లో పెట్టుకుని పీల్చాడు. కాడ కదల్లేదు. మళ్ళీ పీల్చాడు. "ఇదేనే. తెరుచుకుని బిగిసిపోయింది" అన్నాడు అమ్మతో.

కాలుతున్న వాల్వుని తువ్వాలుతో పట్టుకుని బోల్టులు విప్పాడు. ఒకటి తుప్పుపట్టి రానంది. దానితో ఆయన పెనుగులాడుతుంటే క్యాబిన్‌లో పొగ, చెమట, కోడి రెట్ట, కిరసనాయిలు అన్నీ కలిసి నాకు ఊపిరాడలేదు. మామ్మ ఒళ్ళో కక్కేశాను. ఆవిడ నన్నేమీ అనకుండా, "తల్లీ గోదారీ" అంటూ నా వీపు రాస్తూ కూర్చుంది. నీళ్ళు నా పక్క ఫుట్‌బోర్డు అందుకున్నాయి. లారీ పక్కకి కొద్దిగా కదిలినట్టనిపించింది.

చివరికి వాల్వు చేతికొచ్చింది. నాన్న అడక్కుండానే అమ్మ లాంతర్లోని కిరసనాయిలు గిన్నెలో వంచి, కోడిబుట్టలోంచి ఒక వెదురుబద్ద విరిచింది. వాల్వు నాన్న చేతిలోంచి తీసుకుని తనే గోకింది. పెచ్చులు పెచ్చులుగా మసి రాలింది. నాన్న పీల్చాడు. కాడ కాస్త కదిలింది. అమ్మ మళ్ళీ గోకి, చీరచెంగుతో తుడిచిచ్చింది. ఈసారి టక్కుమంది.

బిగించి తాళం తిప్పాడు. నల్లటి పొగ ఒకటి బుస్సున వదిలి ఇంజిన్ నిలబడింది. మొదటి గేర్లో గట్టెక్కాం. పైన జనం చుట్టూ మూగారు. నాన్న దిగి చక్రానికి ఆనుకుని కూలబడిపోయాడు. ఆయన మూతి చుట్టూ నల్లటి వలయం. నాకు నవ్వు రాలేదు. మామ్మ మెల్లగా దిగి, తడిసిన చెంగుతో పసివాడికి తుడిచినట్టు ఆయన మూతి తుడిచింది.

ఆ వరదకి మా గోడలు కూలాయి. తర్వాతి ఏళ్ళలో గోదారి కోసుకుంటూ వచ్చి తోటనీ, అరుగునీ, ఆఖరికి ఆ వీధినంతటినీ తీసుకుపోయింది. లారీ ఎప్పుడో పాత ఇనుముకి పోయింది. ఆ తర్వాత తీసుకున్న అద్దె ఇంట్లో కన్నుమూసేదాకా మామ్మ ప్రతి శ్రావణంలోనూ, "నీళ్ళు మన అరుగు మెట్టుదాకా వచ్చాయా?" అని అడుగుతూనే ఉంది. కాజ్‌వే ఉన్నచోట ఇప్పుడు ఎత్తైన వంతెన. స్కూలు వ్యాను తోలుకుంటున్న నాన్నతో మొన్నామధ్య దాని మీద నిలబడ్డాను. "అదిగో, మన వాకిలి" అని ఆయన చూపించినచోట నది నడుమ నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

"ఆరోజు బండి కదలకపోతే ఏం చేద్దామనుకున్నావు నాన్నా?"



"ఎవర్ని ముందు ఎత్తుకుని ఈదాలా అని చూసుకున్నానమ్మా. బోల్టు తిప్పినప్పుడల్లా ఒకసారి మీ మామ్మ, ఒకసారి మీ అమ్మ, ఒకసారి నువ్వు."

"మరి ఎవర్ని?"

"ఇంకా తేల్లేదు" అన్నాడు.