డోసింగ్ పంపు ఆయుష్షు

గత సంవత్సరం, ఏప్రిల్: రోజూ వేళకు అక్వేరియంలో ఎరువు చుక్కలు వేసే మొదటి పంపు ఆగింది. మోటారు తిరుగుతున్నా గొట్టంలోంచి చుక్క రాలేదు. దుకాణం వారి జవాబు: "గొట్టం అరిగింది, విడిగా దొరకదు, కొత్త పంపు కొనండి."

గత సంవత్సరం, నవంబర్: రెండవ పంపు. కరెంటు పోయి వచ్చాక అందులోని గడియారంలో పెట్టిన వేళ చెరిగిపోయింది, ఎన్నిసార్లు సరిచేసినా నిలవలేదు. జవాబు: "ఇన్వర్టర్ పెట్టుకోండి."

ఈ సంవత్సరం, జూన్: మూడవ పంపు. ఈసారి ఆగలేదు. నేను మంగళగిరిలో ఒక పెళ్లికి వెళ్లి వచ్చేసరికి సీసాలోని ఎరువంతా అక్వేరియంలోకి దింపేసి, ఇంకా తిరుగుతూనే ఉంది. జవాబు: నవ్వు.

నేను నీటి సరఫరా విభాగంలో పంపులు చూసుకునే ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాను. ఏ పంపు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు వేడెక్కింది, దాని ఏ భాగం ఎప్పుడు మార్చాం అన్నది రాయకుండా అక్కడ ఎవరూ ఇంటికి వెళ్లేవారు కాదు. నేను చేరేనాటికే పాతవైన పంపులు నేను దిగిపోయేనాటికీ నీళ్లు తోడుతున్నాయి. అందుకని, అరచేతిలో ఇమిడే యంత్రం ఏడాది తిరగకుండా చచ్చిపోతే దానిని సహజ మరణంగా నేను రాసుకోలేకపోయాను.

భవానీపురంలోని మా ఇంటి ముందుగదిలో ఉన్న అక్వేరియం నా భార్యది. ఆమె పుట్టిల్లు కొల్లేటి లంక. చేపలు పట్టే కుటుంబం. పుట్టింటి పక్క కాలువలో పెరిగే రిబ్బను ఆకుల నీటి మొక్కను తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చి ఇక్కడ నాటింది. తర్వాత ఆ కాలువ చేపల చెరువులో కలిసిపోయింది. ఆ మొక్క ఇక మా గాజు తొట్టెలోనే మిగిలింది. కుళాయి నీళ్లలోని బ్లీచింగుకు భయపడి మేము ఫిల్టరు నీళ్లు పోసేవాళ్లం. ఆ నీళ్లలో సారం ఉండదు కనుక ప్రతి ఉదయం కొన్ని చుక్కల ద్రవ ఎరువు వేయాలి. ఆమె సిరంజితో వేసేది. జబ్బు చేసి చేతులు వణకడం మొదలయ్యాక, ఒక్కోసారి సగం చుక్కలు గచ్చు మీద పడేవి. నేను వేస్తానంటే సిరంజి ఇచ్చేది కాదు. అందుకని గవర్నర్‌పేట దుకాణంలో పంపు కొన్నాను.

"ఏవండీ, నా ఉద్యోగం ఊడబీకి దీనికిచ్చేశారా?" అంది.

"ఊడబీకలేదు. నువ్వు సెలవులో ఉన్నావు, అంతే."

"అయితే నా జీతం దీనికివ్వకండేం."

పొద్దున్నే పంపు గిర్రుమనగానే, మంచం మీద నుంచే "అదిగో, డ్యూటీ ఎక్కింది" అనేది. తరువాతే కాఫీ తాగేది. అది ఏప్రిల్‌లో ఆగిపోయినప్పుడు, "చూశారా, నాకంటే ముందే రిటైరైపోయింది" అని నవ్వింది. నేను నవ్వలేదు. రెండవది కొన్నాను. ఆ వానాకాలంలోనే ఆమె పోయింది.

తరువాత కూడా పంపు తన వేళకు గిర్రుమనేది. నేను కాఫీ ముందు పెట్టుకుని, ఆ శబ్దం ఆగేదాకా కూర్చునేవాడిని. ఆమె పనుల్లో ఇంట్లో ఇంకా సాగుతున్నది అదొక్కటే.

జూన్‌లో పెళ్లి నుంచి వచ్చి చూస్తే నీళ్లు టీ డికాక్షన్‌లా ఉన్నాయి. చేపలు వెల్లకిలా తేలాయి. ఆకులు పట్టుకుంటే వేళ్ల మధ్య జావలా జారిపోయాయి. పంపును గుడ్డలో చుట్టుకుని గవర్నర్‌పేట వెళ్లాను.

"బాబాయ్ గారూ, ఇది బొమ్మలాంటిదండీ," అన్నాడు దుకాణదారు. "ఏడాది ఆడిందంటే గొప్పే."

"ఈ ముక్క అమ్మేటప్పుడు చెప్పలేదేమండీ?"

"మీరడగలేదుగా!"

"ఇప్పుడు అడుగుతున్నాను. ఇది ఎన్నాళ్లు పనిచేయాలి?"

చేపల మేత కొనడానికి వచ్చినాయన పక్క నుంచి, "పెళ్లిసంబంధానికొచ్చినట్టు పంపు జాతకం అడుగుతున్నారేంటండీ!" అన్నాడు. దుకాణదారుకు ఉషారు వచ్చింది. "మనుషులకే గ్యారంటీ లేదు బాబాయ్ గారూ, పంపుకెక్కడ తెమ్మంటారు?"

ఇద్దరూ నవ్వారు. నేను గుడ్డ మళ్లీ చుట్టుకుని బయటికి వచ్చాను. ఆటోలో కూర్చున్నాక గాని ఏం జవాబు చెప్పి ఉండాల్సిందో తోచలేదు.

కుళ్లిన ఆకుల కింద ఇసుకను వేళ్లతో కెలికితే ఒక్క పిలక పచ్చగా దొరికింది. దానిని గాజు సీసాలో నాటి కిటికీ దగ్గర పెట్టాను. ఇప్పటికి రెండు కొత్త ఆకులు వేసింది. అది పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఆ కాలువ లేదు.

కావున ఈ పంపు తయారుచేసినవారిని, అమ్మినవారిని ఇందుమూలంగా కోరుతున్నాను. మనుషులకు గ్యారంటీ లేదని నాకు తెలుసు. అందుకే యంత్రానికి అడుగుతున్నాను. మోటారు ఎన్నేళ్లు తిరగాలి, గొట్టం ఎప్పుడు మార్చాలి, ఆ గొట్టం విడిగా ఎందుకు అమ్మరు, తిరగడం ఆపనప్పుడు దానిని ఆపే ఏర్పాటు అందులో ఎందుకు లేదు అన్న విషయాలకు సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలసింది. నోటిమాటను, నవ్వును జవాబుగా స్వీకరించను. సమాధానం అందేవరకు ఆ పిలకకు ఎరువు ఆమె సిరంజితో నేనే వేస్తాను. ఈమధ్య నా చెయ్యి కూడా వణుకుతోంది. కనుక జాప్యం చేయవద్దని మనవి.