కొత్త కాకముందే ఉడికిన మామిడికాయ పప్పు

ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా, ఈ ఏడాది మా కాఫీ మొక్కలకు పూత రాకుండా పోవాలి. నా మిరియం తీగ పక్కవాడి చెట్టుకు పాకాలి. నేను పొయ్యి మీద పెట్టిన అన్నం జన్మంతా అడుగంటాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు మా అరకు కొండల్లో లేదు. వేసేశాను గనక, ఇక నమ్మకపోతే ఆ పాపం మీది. ఒక తపేలాడు పప్పుతో నా పెళ్లినీ, మామగారి పరువునీ, ఒక ఊరి పండగనీ ఒకే పూట ముంచబోయిన ఘనుణ్ణి నేను. పప్పులో కాలేసినవాళ్లను మీరు చాలామందిని చూసుంటారు. తలతో సహా దిగినవాణ్ణి ఇప్పుడు చూడండి.

అప్పటికి నాకు మీసాలు వచ్చాయి గానీ బుద్ధి ఇంకా దారిలో ఉంది. మాది హుకుంపేట దగ్గర ఊరే. కాకపోతే పలక పట్టిన నాటి నుంచీ హాస్టళ్లలో పెరిగి, ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక మెస్సులో కూరలు తరుగుతూ కొన్నాళ్లు గడిపాను. సముద్రం నాకు అంటలేదు, తిరిగొచ్చాక కొండా అంటలేదు. అలాంటి సమయంలో సంతలో చింతపండు అమ్ముతున్న సుమిత్ర మీద మనసు పడ్డాను. అవసరం లేకపోయినా వారం వారం చింతపండు కొన్నాను. మా ఇంట్లో నీళ్లు కూడా పుల్లబడే స్థితి వచ్చాక ఆమె, "ఇంక కొనకు, ఇంటికొచ్చి అడుగు," అంది.

అడిగాం. ఆమెకు అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా వాళ్ల నాన్న గంగన్నది. ఆయన ఆ ఊరి పూజారి. మా కొండల్లో ఒక పద్ధతుంది. పిల్లను అడిగినవాడు పిల్ల ఇంట్లో కొన్నాళ్లుండి పనిచేసి చూపించాలి. నేను చూపించాను. నా దుక్కి చూసి ఎద్దులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. కట్టెలు కొట్టమంటే గొడ్డలి పిడి విరిగింది గానీ కట్టె విరగలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను పిడిని తిట్టాను. గంగన్న ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు రాత్రింబవళ్లు గుబులు. పిలవడం కూడా పేరుతో కాదు, ‘ఓరే’తో.

ఇక ఆ సంత రోజు పొద్దున్న ఆయన కర్ర తీసుకుంటూ అన్నాడు. "నానూ సుమిత్ర గుంటా సంతకెల్తన్నాం. వచ్చీసరికి ఆకలేత్తాది. ఏదో ఒకటి వండి పెట్టు. వంటైనా వచ్చేటి?"

"వచ్చు మామా."

"సూద్దాం. రేపు మీవోళ్లు మాట కోసం వత్తన్నారు. ఏటి సెప్పాలో నాకింకా తెలీదు."

అంటే, నా బతుకు ఆ పూట వంట మీద ఆనింది. ఇంట్లో మిగిలింది నేనూ, గోడకు ఆనుకుని కునుకు తీస్తున్న గంగన్న తల్లీ. ఆవిడను ఊరంతా అవ్వ అనే పిలిచేది. నోట్లో పళ్లు లేవు గానీ మాటకు పదును తగ్గలేదు.

ఏం వండాలి? పెరటి తలుపు తీశాను. ఎదురుగా మామిడి చెట్టు, కొమ్మ వంగేంత కాపు. పచ్చటి పుల్లటి కాయలు, గుత్తులు గుత్తులుగా. ఇన్ని రోజులుగా ఎవరూ ఒక్కటి కోయలేదు. ‘ఈ ఇంట్లో చెట్టెక్కడం ఎవరికీ రాదు కాబోలు, ఈ పనైనా నేను చేయగలను’ అనుకుని మురిసిపోయాను. వివేకం ఉన్నవాడైతే, కాయలున్న చెట్టు కింద రాయి విసిరే పిల్లలు కూడా ఎందుకు లేరా అని ఆలోచించేవాడు. వివేకం ఉన్నవాడు ఈ కథలో లేడు.

వంట మొదలుపెట్టాక మాత్రం నిజంగా నాకు స్వర్గం కనిపించింది. కాయ కోస్తుంటే కత్తికి జిగురంటి, ముక్కు కింద ఆ పచ్చి వాసన. కందిపప్పు కుతకుతమంటూ పొంగుతుంటే తెడ్డుతో అణచడం. మెత్తబడ్డ ముక్క పప్పులో ఒదిగిపోవడం. వెల్లుల్లి చితక్కొట్టి, ఎండుమిరపకాయ తుంచి పోపు వేస్తే, ఆ చుయ్యిమన్న చప్పుడుకు నిద్రలో ఉన్న అవ్వ ముక్కు కదిలింది. మెస్సులో నేర్చుకున్న నియమం ప్రకారం నేను రుచి చూడలేదు. వండేవాడు ముందు తినకూడదని నా సిద్ధాంతం. గుర్తుంచుకోండి, ఒట్టు వేసి మరీ చెబుతున్నాను.

అప్పుడు పక్కింటి బుద్రమ్మ పిన్ని దడి మీంచి తొంగిచూసింది.

"ఏటి బావూ, పుల్లటి వాసనేత్తంది?"

"చింతపండు పిన్నీ," అన్నాను, మామిడికాయంటే గిన్నె పట్టుకొస్తుందేమోనని.

"అదే అనుకున్నాన్లే. ఎల్లుండే గదా మామిడి కొత్త. ఈలోగా మామిడి ఎవులు ముడతారు?"

చేతిలో తెడ్డు జారి నా కాలి వేలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

కొత్త అంటే తెలియనివారికి ఒక మాట. మా కొండల్లో ఏ పంటైనా, ఏ పండైనా మొదట ఊరి దేవతకు పెట్టాలి. ఆ తర్వాత పూజారి నోట పెట్టాలి. అప్పుడే ఊరు తినాలి. మామిడికి మామిడి కొత్త, సామకు సామ కొత్త. ఈ సంగతి నాకు చిన్నప్పుడు తెలుసు. కానీ హాస్టల్లో ఏది పెడితే అది తిన్నాను, మెస్సులో ఉగాది రాకముందే మామిడికాయలు తరిగాను. కొత్త ఎప్పుడో అయిపోయిందనుకున్నాను. ఆ కొత్త జరిపించాల్సిన పూజారి ఇంట్లో, ఆ పూజారి కోసం, ఆ పూజారి చెట్టు కాయలతో నేను పప్పు వండాను. ఇంత గురి చూసి తప్పు చేయడం మామూలు మనుషులకు సాధ్యం కాదు.

ముందు తొక్కలూ టెంకలూ పెరట్లో పాతిపెట్టాను. కోడి వచ్చి తవ్వింది. మళ్లీ పాతాను, మళ్లీ తవ్వింది. ఆ ఊళ్లో నా తప్పు బయటపెట్టడానికి జీతం లేని ఉద్యోగం ఆ కోడిది. పప్పులోంచి ముక్కలు ఏరేద్దామని చూస్తే అవి ఎప్పుడో కరిగిపోయాయి. ఉప్పులోంచి సముద్రాన్ని ఏరినట్టుంది నా పని. సరే, తపేలా ఎత్తుకెళ్లి వాగులో పారబోద్దామని బయల్దేరాను. గడప దాటేసరికి కింద మలుపులో కర్ర కనిపించింది, వెనక గంగన్న కనిపించాడు. వెనక్కి తిరిగాను.

సుమిత్ర ముందుగా లోపలికొచ్చి, సంచి దించకుండానే ఆగిపోయింది.

"ఏటి వండినావు?"

"పప్పు."

"అందులో?"

"ఉప్పు, కారం, పసుపు."

"అందులో?"

వేలితో పెరటి చెట్టు చూపించాను. సుమిత్ర గొంతు తగ్గించింది. "నీ బుర్రేటి సంతలో అమ్మేసినావా? కొత్తకి ముందు మా అయ్య నోట్లో మామిడి పడితే, ఎల్లుండి అమ్మోరి ముందర ఏ మొకంతో నిలబడతాడు? ఊరు ఊరంతా ఆ సేతి మీదే తినాల."

"మరేటి సేద్దాం?"

"నన్నడుగుతావేటి? తినకుండా ఆపు. తెలిసిందంటే రేపు మీవోళ్లని కొండెక్కనీడు, కిందనుంచే పంపేత్తాడు."

లోకంలో అల్లుళ్లు మామ చేత ఎలా తినిపించాలా అని తలలు పట్టుకుంటారు. నేను ఎలా మాన్పించాలా అని పట్టుకున్నాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాకు ముందు మామ, వెనక అమ్మవారు, మధ్యలో తపేలా.

గంగన్న కాళ్లు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. "వడ్డించు అల్లుడా," అన్నాడు.

ఇన్నాళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. మరో రోజైతే గంతులేసేవాణ్ణి.

"పప్పు మాడిపోయింది మామా."

"పర్లేదులే. మాడిన పప్పు నాకిట్టం. మాయమ్మ రోజూ అలగే వండీది."

గోడ దగ్గర్నుంచి అవ్వ కళ్లు తెరవకుండానే అంది. "ఇంటన్నాను."

"ఉప్పు కూడా ఎక్కువైంది మామా."

"నడిసొచ్చినోడికి ఉప్పుండాల."

"బల్లి పడింది మామా."

గంగన్న ఆగాడు. నా ప్రాణం లేచొచ్చింది. "ఏదీ బల్లి?"

"తీసి పారేశాను."

"తీసేసినావు గదా, మరేటి?"

సుమిత్ర అందుకుంది. "అయ్యా, బల్లి పడింది తింటే కడుపులో తిప్పుతాది. అంబలి ఉంది, పోస్తానుండు."

"ఈ గుంట అప్పుడే మొగుడి పచ్చం మాటాడేత్తంది," అని ఆయన నవ్వాడు. "ఓరే, నువ్వు దున్నలేవు, కట్టె కొట్టలేవు. అయినా నాకోసమని పొయ్యి దగ్గర కూకున్నావు. బాగున్నా బాగోపోయినా తింటాను. సిగ్గుపడకు."

నా ప్రతి అబద్ధమూ ఆయన్ని ఇంకాస్త మంచివాణ్ణి చేసింది. చివరికి నేను కదలకపోవడం చూసి ఆయనే చెయ్యి చాపి మూత తీశాడు.

వాసన ఇల్లంతా నిండింది. గంగన్న తపేలాలోకి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఇది మామిడికాయ."

"అవును మామా."

"సగం తపేలా ఖాళీగా ఉన్నాది. ఎవులు తిన్నారు?"

అప్పుడు అవ్వ కళ్లు తెరిచింది. "నాను తిన్నాను."

నిజమే. నేను పెరట్లో కోడితో కుస్తీ పడుతుంటే, అవ్వ తపేలా దగ్గరకు జరిగి చేత్తో తీసుకుని తినడం నా కళ్లారా చూశాను.

"ఎల్లుండి కొత్తని తెలీదేటమ్మా?"

"తెలుసు. నాకు పళ్లున్నాయేటి? నమిలితే తిన్నట్టు. నాను మింగినాను. పళ్లు లేనోళ్లకి కొత్తేటి, పాతేటి?"

"అలగని ఎవులు సెప్పారు?"

"మీ తాత సెప్పాడు. నువ్వప్పటికి పుట్నేదు."

పూజారి ఊళ్లో ఎవరితోనైనా వాదించగలడు. తల్లితో కాదు, పుట్టకముందు పోయిన తాతతో అసలే కాదు. గంగన్న మూత పెట్టేసి, తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను లేచాను.

"తప్పు నాది మామా. తెలీక చేశాను. రేపు మావాళ్లను రావద్దని కబురు పెడతాను."

"కూకో," అన్నాడు. కూర్చున్నాను. "లేని బల్లిని నువ్వే పడేసినావు గదా?"

"అవును మామా."

"నా నోట్లో పడకుండా ఆపడానికి?"

"అవును మామా."

ఆయన సుమిత్ర వైపు తిరిగాడు. "అమ్మోరికి కోడిని ఇచ్చి తప్పొప్పుకోమను. పెరట్లో తొక్కలు తవ్వుతన్న ఆ కోడే అయితే మరీ మంచిది. రేపు ఈడి మడుసుల్ని రమ్మను. ఈడ్నిలాగే వదిలేత్తే ఇంకో ఊరెల్లి వండుతాడు. ఆ ఊరి పూజారికి మాయమ్మలాటి తల్లి ఉండదు. ఊళ్లు పాడైపోతాయి. నిన్నిచ్చి ఇక్కడే కట్టేత్తాను."

నా పెళ్లి అలా కుదిరింది. ఇష్టపడి ఇచ్చింది కాదు, చుట్టుపక్కల గ్రామాల క్షేమం కోరి ఇచ్చింది. దొంగ ఎద్దుకు మెడలో గుదికర్ర కడతారే, ఆ గుదికర్ర పేరు సుమిత్ర.

ఆనాడే తపేలా మీద చెయ్యి పెట్టి శపథం చేశాను. మామిడి పూత పట్టిన రోజు నుంచి కొత్త అయ్యే రోజు వరకూ ఈ జన్మలో పొయ్యి వైపు చూడను. తెడ్డు తాకను. పోపు చప్పుడు వినిపిస్తే చెవులు మూసుకుంటాను. చెట్టుకు కాయ కనిపిస్తే నమస్కరించి తప్పుకుంటాను. ఈ శపథాన్ని ఈనాటికీ పాటిస్తున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో వంటింటి తలుపుకు సుమిత్ర గొళ్లెం పెడుతుంది.

ఇక చివరగా ఒక చిన్న సవరణ. కాఫీ పూత సమయం దగ్గరపడింది, ఒట్టు భయం పట్టుకుంది. పైన చెప్పినదంతా నిజమే గానీ, ఒక్క చోట కాస్త కల్పించాను. అవ్వ తింటుండగా కళ్లారా చూశానన్నాను కదా, అది చూడలేదు. చూడ్డానికి ఏమీ లేదు. అవ్వ గోడ దగ్గర్నుంచి కదల్లేదు, పప్పు ముట్టలేదు. ఆ సగం తపేలా, బుద్రమ్మ పిన్ని దడి మీంచి తొంగిచూడకముందే, వేడి వేడి అన్నంలో కలుపుకుని తిన్నది నేను. వండేవాడు ముందు తినకూడదన్న సిద్ధాంతం ఈ కథ రాస్తున్నప్పుడు పుట్టింది.

ఆ రోజు గంగన్న అంబలి తాగి చేయి కడుక్కోవడానికి బయటికి వెళ్లగానే, అవ్వ నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసింది. వంగి చెవి పెట్టాను.

"మీసం తుడుసుకోరా," అంది. "పప్పంటుకున్నాది."