మూత తీయనిదే నమ్మని మనిషి

రాఘవేందర్ గారు గిన్నె మూత తీసి చూడనిదే ఎవరి మాటా నమ్మరు. చిక్కడపల్లిలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. పెళ్లికి పిలిస్తే అక్షింతలు తర్వాత, ముందు వంటశాలలో గంగాళం మూత ఎత్తాల్సిందే. ఆఫీసులో పై అధికారి కిషన్ రావు గారి టిఫిన్ డబ్బాను కూడా వదల్లేదు. "బెండకాయ" అని ప్రకటించి మళ్లీ మూత పెట్టేశారు.

నగుబాటంతా భార్య కమలది.

"వియ్యాలోరింట్ల గూడ మూతలు తీస్తే నేను ముఖం యాడ పెట్టుకోవాలె?"

"పప్పు బాగుండె కమలా."

"నేనడిగింది పప్పు గురించా?"

ముసలివాళ్లకు సర్కారు ఇచ్చే పింఛన్ వల్ల వాళ్ల బతుకు ఏమన్నా మారిందా అని ఇల్లిల్లూ తిరిగి విచారించి రాయడం ఆయన ఉద్యోగం. ఆ ఏడాది, పంతొమ్మిది వందల తొంభై ఏడులో, అశోక్ నగర్ నాలా పక్క బస్తీ వంతు వచ్చింది. అంతా పాలమూరు నుంచి కూలికొచ్చిన వాళ్లే. మిగతా సిబ్బంది "రెండు పూటలా తింటున్నరా?" అని అడిగారు. ఒక్కరూ తప్పకుండా అందరూ "తింటున్నం" అన్నారు. ఇంకేం, కిషన్ రావు గారు తేల్చేశారు.

"అందరి కడుపులు నిండినంక పింఛన్ దేనికయ్య? ఈ బస్తీకి ఆపమని రాస్త."

రాఘవేందర్ గారికి ఒళ్లు మండింది. "ఇంటికొచ్చినోళ్లకు మేం తినలేదని ఎవలన్న చెప్తరా సార్? జర మీరే వచ్చి చూడండి."

మర్నాడు మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లారు. ఆడవాళ్లతో మాట్లాడటానికి తోడుంటుందని కమలనూ వెంటబెట్టుకున్నారు. "ఇయ్యాల ఒక్కరోజు చేతులు కట్టుకోండి" అని ఆమె దారిపొడుగునా మొక్కుతూనే ఉంది.

మొదటి ఇల్లు కురుమమ్మది. డెబ్బై దాటిన ఒంటరి మనిషి.

"తిన్నవా అవ్వా?" అన్నారు కిషన్ రావు గారు.

"తిన్న సారూ. మీరు తిన్నరా? కూసోండి."

రాఘవేందర్ గారు అప్పటికే పొయ్యి దగ్గరున్నారు. కమల కళ్లు మూసుకుంది. కురుమమ్మ మాత్రం నవ్వింది.

"ఈ సారు గింతే. పెద్దసార్ల డబ్బాలు గూడ ఇడిసిపెట్టడంట గద. తియ్యి సారూ, నీ యావ నీది."

మూత లేచింది. గిన్నె అద్దంలా తోమి ఉంది. లోపల మెతుకు లేదు.

బయటికొచ్చాక రాఘవేందర్ గారు నోట్‌బుక్ తెరిచారు. "ఆర్నెల్ల సంది చూస్తున్న సార్. పింఛన్ వచ్చిన వారం ఇదే గిన్నెల అన్నం, చారు. ఈ నెల పింఛన్ ఇంక రాలే. గిన్నె మీరే చూసిండ్రు."

పక్కింట్లో ఈదయ్య కూడా తిన్ననే అన్నాడు. అక్కడి మూత కిషన్ రావు గారే తీశారు. అదీ ఖాళీయే. పదో ఇంటికొచ్చేసరికి ఆయన తిన్నారా అని అడగడం మానేసి నేరుగా పొయ్యి దగ్గరికే నడిచారు.

తిరిగొస్తూ కమల అడిగింది. "మరి పెండ్లిండ్లల్ల ఎందుకు తీసుడు?"

"బీదోళ్లయే తీస్తే వాళ్లకు నామోషీ. అందరియి తీస్తే నాకే పిచ్చి అనుకుంటరు. పిచ్చి నాకుంటే ఏంబోతది కమలా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో కమలకు ఆయన అలవాటు నగుబాటుగా తోచకపోవడం అదే మొదలు. ఆమెకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

పింఛన్ ఆగలేదు సరికదా, నెల మొదటి వారంలోనే ఇవ్వాలని ఆర్డరొచ్చింది. కొత్తగా పదకొండు మంది పేర్లు జాబితాకెక్కాయి. డబ్బు అందిన రోజే కురుమమ్మ రాఘవేందర్ గారికీ కమలకూ కబురంపింది. వెళ్లేసరికి రెండు చేతులూ గిన్నె మూత మీద పెట్టుకుని కూర్చుంది.

"ముందుగాల చేతులు కడుక్కో సారూ. ఇయ్యాల చూసుడు గాదు, తినుడు."

కమల అప్పటికే పీట వాల్చుకుని కూర్చుంది.