కొండలెక్కే సైకిలు బ్రేకులు

గుంటూరులో ఎక్కడానికి కొండ కావాలంటే ఓవర్‌బ్రిడ్జి ఒక్కటే దిక్కు. అయినా రెండు వేల నాలుగు, అయిదు ప్రాంతంలో మా ఇంట్లో కొండలెక్కే సైకిలు ఒకటి ఉండేది. చీమకుర్తిలో గ్రానైటు కొనడానికి వచ్చిన ఒక విదేశీ బేరగాడు క్వారీల చుట్టూ తిరగడానికి తెచ్చుకుని, పోతూ పోతూ వదిలేసి పోయాడట. క్వారీ మేనేజరు నాకు పాత స్నేహితుడు. "ఇక్కడ దీన్ని తొక్కేవాడు లేడు, మీ అమ్మాయికి పనికొస్తుంది" అని రాళ్ళ లారీలో వేయించి ఊరి శివారున నల్లపాడులో ఉన్న మా ఇంటికి పంపాడు. ముందూ వెనకా చక్రాలకు తళతళలాడే ఇనుప బిళ్ళలు, వాటిని పట్టుకునే డిస్కు బ్రేకులు. అప్పటికి మా వీధిలో మోటారు సైకిళ్ళకు కూడా ఆ భోగం లేదు.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. తోటి పిల్లలు ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని కాలేజీకి పోతుంటే, ఈ పిల్ల ఆ ఆటోను దాటుకుని పోయేది. ఆ దృశ్యం చాలామందికి రుచించేది కాదు. ముఖ్యంగా మా బావకు. బావంటే మా ఆవిడ అన్నగారు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి నలిపి చూసి, లాటు మొత్తం జాతకం చెప్పగలడు. ఆ నైపుణ్యం మిరపకాయలతో ఆగి ఉంటే బాగుండేది. లోకంలో ఏ వస్తువునైనా ఒకసారి నొక్కి చూసి తీర్పు చెప్పేస్తాడు.

దసరా వెళ్ళిన మర్నాడు మా అమ్మాయి మలుపులో పత్తి ట్రాక్టరును గుద్దింది. రెండు బ్రేకులూ నొక్కిందట, ఒక్కటీ పట్టలేదట. పత్తి కాబట్టి చొక్కాకు దూది అంటుకోవడంతో సరిపోయింది. గ్రానైటు లారీ అయి ఉంటే ఇదంతా వేళాకోళంగా రాసే ఓపిక నాకు ఉండేది కాదు.

సాయంత్రానికల్లా బావ దిగాడు. లీవరు ఒకసారి నొక్కాడు.

"నే చెప్పలా బావా? ఆడపిల్లకి కొండలెక్కే సైకిలేంది? బ్రేకులు బాగు చేయించాలా మార్చాలా అని బుర్ర బద్దలు కొట్టుకోమాక. సైకిలే తీసెయ్. ఆటోకి పంపు."

"ఆటోలో ఇప్పటికే పదకొండుమంది ఉన్నారు మామయ్యా," అంది మా అమ్మాయి. "నన్నెక్కడ కూర్చోబెడతావ్, డ్రైవరు నెత్తి మీదా?"

"ముందు దీని నోటికి వెయ్యాలి బ్రేకు!"

మా ఆవిడ ఇద్దరినీ ఊరుకోబెట్టి తీర్పు చెప్పింది. సోమవారం కాలేజీ తెరుస్తారు. ఈలోగా బ్రేకులు పడితే సైకిలు, పడకపోతే ఆటో. అప్పీలు లేదు. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు 'డిస్కు బ్రేకు స్పెషలిస్టు' అని బోర్డు పెట్టుకున్న మోటారు సైకిలు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. అతను సైకిలు చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"లోపల బ్రేకు నూనె కారకుండా ఆపే సీళ్ళు పోయినయ్ సార్. మొత్తం విప్పి కొత్తగా కట్టాలి."

"సీళ్ళు దొరుకుతాయా?"

"దొరకవు సార్."

"మరి?"

"విప్పాక చూద్దాం."

పత్రికలో ఇరవయ్యేళ్ళుగా విచారణ కమిటీల వార్తలు దిద్దుతున్నవాణ్ణి, ఆ మాటకు అర్థం నాకు తెలియనిది కాదు. అక్కణ్ణుంచి సైకిలు షాపుకు పోయాను. అక్కడాయనకు అసలు అనుమానమే లేదు. పీకి పారేసి మామూలు రాడ్ బ్రేకులు వేస్తానన్నాడు. బిగించడానికి చోటేదంటే, వెల్డింగు పెట్టిస్తానన్నాడు. నేను ఇంటికొచ్చి న్యూస్‌ప్రింటు కాగితం మీద అడ్డగీత కొట్టి, ఒకవైపు బాగు చేయించడంలో లాభనష్టాలు, ఒకవైపు మార్చడంలో లాభనష్టాలు రాసుకున్నాను. చక్కటి సంపాదకీయం తయారైంది. బ్రేకు మాత్రం అలాగే ఉంది.

ఆదివారం మా అమ్మాయి నన్ను అడగడం మానేసి, సైకిలు తనే తోసుకుంటూ లారీలకు బ్రేకు లైనింగులు వేసే ముసలి సాయిబు గారి షెడ్డుకు బయల్దేరింది. పరువు కోసం నేనూ వెనకాల నడిచాను. ఒకప్పుడు చీమకుర్తి రాళ్ళ లారీలన్నీ ఆయన చేతి మీదుగా ఆగినవే.

"ఎప్పట్నుంచమ్మా?" అన్నాడాయన.

మూడు రోజుల్లో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. అదే ప్రశ్న వేయలేదని కుర్ర విలేకరులను చీవాట్లు పెట్టి బతుకుతున్నవాణ్ణి నేను.

"పండగ మర్నాటి నుంచి తాతా. అంతకుముందు బ్రహ్మాండంగా పట్టేయి."

ఆయన లీవరు నొక్కాడు. "లోపలి నూనె కారిపోతే ఇది మెత్తగా దిగిపోవాల. రాయిలా ఉందే! లోపలేం పోలా." తర్వాత ఇనుప బిళ్ళ మీద వేలు రాసి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"నువ్వులనూనె. దీపం ఎవరు పెట్టారు సారూ దీనికి?"

అప్పుడు గుర్తొచ్చింది. దసరాకు ఆయుధపూజ పేరుతో యంత్రాలకు బొట్లు పెట్టేవాళ్ళను వెక్కిరిస్తూ ఏటా పేపర్లో ఒక ముక్క రాసేది నేనే. ఇంట్లో మా ఆవిడ పసుపూ కుంకుమా చేతికిస్తే మారు మాట్లాడకుండా సైకిలుకు పూజ చేసిందీ నేనే. బొట్టు పెట్టడానికి ఆ తళతళలాడే బిళ్ళల కంటే మంచి చోటు కనబడలేదు. పొడి కుంకుమ నిలవలేదని దీపం నూనెలో రంగరించాను. మిగిలిన నూనె మెరుగు కోసం బిళ్ళంతా పూశాను. పత్రికలవాళ్ళం కదా, నిష్పక్షపాతంగా రెండు చక్రాలకూ పూశాను.

నిజం ఒప్పుకున్నాను. మా అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"పూజ చేసుకోండి సారూ, ఎవరొద్దన్నారు?" అన్నాడు సాయిబు గారు. "ఆపేదానికి నూనె రాస్తే ఇంకేం ఆపుద్ది?"

బిళ్ళలను పెట్రోలుతో కడిగాడు. లోపలి బ్రేకు ముక్కలు నూనె తాగేశాయి గనక వాటిని వెనక రేకుల మీంచి గీకేసి, లారీ లైనింగులోంచి వేలెడేసి ముక్కలు కోసి, పాత రేకుల మీదే అతికించి, వేడిచేసి గట్టిగా బిగించాడు. బాగు చేయడమా మార్చడమా అన్న నా సంపాదకీయం మొత్తం ఆ ముక్కల్లో సరిపోయింది.

సాయంత్రం బావ వచ్చి లీవరు నొక్కి చూశాడు. "మార్పించావు కదా? మంచి పని. నే చెప్పలా?" అన్నాడు.

సోమవారం పొద్దున రైల్వే గేటు దాకా స్కూటరు మీద వెంట వెళ్ళాను. మా అమ్మాయి ఆటోను దాటింది. గేటు పడుతుంటే బ్రేకు నొక్కింది. రాళ్ళ లారీ ఆగినట్టు కీచుమని అరిచి, సైకిలు గీత గీసినచోట ఆగింది. ఆటోలో పదకొండు తలకాయలూ బయటికొచ్చాయి.

మరుసటి దసరాకు నేను పసుపు కుంకుమల పళ్ళెంతో సైకిలు దగ్గర వంగగానే, మా అమ్మాయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"బెల్లుకి పెట్టు నాన్నా," అంది. "దానికైతే మోగడం తప్ప వేరే పని లేదు."