ఎవరూ లేని నేల

ఆ కాగితం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంగ్లండులో, స్లౌ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలికి తొమ్మిదేళ్లు. గ్రామర్ స్కూలనే సర్కారు బడి ప్రవేశ పరీక్షకని శనివారాలు ట్యూషన్‌కు తీసుకెళ్లేది నేనే. వారం వారం ఇంటికి ఒక కాగితం ఇచ్చి పంపుతారు. తప్పులు కావాలని పెట్టిన పది ఇంగ్లిషు వాక్యాలు, దిద్ది తిరిగి రాయాలి. వరసగా మూడు వారాలు పదికి పది వస్తే పై బ్యాచ్. పిల్ల రెండు వారాలు తెచ్చుకుంది.

మూడో కాగితం నిండా పయనీర్లే. గూడుబళ్లు కట్టుకుని అమెరికాలో పడమటికి వలసపోయిన తెల్లవాళ్లు. చక్రం విరగడం, మంచులో పిల్లలు దగ్గడం, మొక్కజొన్న రొట్టె. ఏడో వాక్యం: వాళ్లు రాకముందు ఆ నేల మీద ఎవరూ లేరు.

పిల్ల స్పెల్లింగులు సరిచేసి, చుక్క పెట్టి, నాకు చూపించింది. ముప్పై ఏళ్లు పత్రిక డెస్కులో పనిచేసినవాణ్ణి. మా దగ్గర అక్షరదోషాలు చూడటం ఆఖరి పని. ముందు అడగాల్సింది, ఇది నిజమేనా అని. అదే అడిగాను.

"వర్ దేర్ పీపుల్, తాతయ్యా?"

"బోలెడుమంది. వాళ్లను తరిమేసే వీళ్లు ఇళ్లు కట్టుకున్నది."

రబ్బరు తీసుకుని ఆ వాక్యం చెరిపేసింది. అక్కడ చాలామంది ఉండేవారని రాసింది. నేను ఆపలేదు. లోపల మురిసిపోయాను కూడా.

శనివారం తొమ్మిది మార్కులే వచ్చాయి. పిల్ల కళ్లు నిండిపోయాయి. ట్యూషన్ చెప్పే ఆయన మన గుంటూరు వైపు మనిషే, వారమంతా ఐటీ ఉద్యోగం. తక్కిన తల్లిదండ్రులు వింటుండగానే అడిగేశాను.

"అబద్ధాన్ని తప్పుల్లేకుండా రాయడమా మీరు నేర్పేది?"

"అంకుల్, ఇది హిస్టరీ క్లాసు కాదండీ. స్పెల్లింగు దిద్దమన్నాం, సెంటెన్సు మార్చమన్లేదు." నేను పత్రికలో చేశానని తెలిసినవాడే, నవ్వాడు. "అయినా మీ పేపరోళ్లు చేసేదీ అదే కదండీ!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఫ్యాక్టరీకి ఇస్తున్న భూమి ఖాళీ బంజరని ఒకసారి మా డెస్కుకు ప్రెస్ నోట్ వచ్చింది. అక్కడ గుడిసెలున్నాయి, మేకల మందలున్నాయి. రోజూ బస్సులోంచి చూసేవాణ్ణి. పేజీ అచ్చుకు వెళ్లే వేళైంది. రెండు కామాలు పెట్టి పంపేశాను.

పిల్ల కళ్లు చూసి ట్యూషన్ ఆయన మెత్తబడి దాని చేతికి పెన్సిల్ ఇచ్చాడు. "ఏడోది మామూలుగా దిద్ది రాసెయ్యమ్మా. పై బ్యాచ్‌లో వేస్తా."

పిల్ల నా ముఖం చూసింది. నేను గోడ మీది టైంటేబుల్ చూశాను. అది రాసేసింది.

బయట బస్టాపు దాకా గెంతుతూనే నడిచింది. "ఐ నో ఇట్స్ రాంగ్, తాతయ్యా. ఐ జస్ట్ రోట్ ఇట్."

దాన్ని కసురుకున్నాను. ఎందుకు కసిరానో దానికి అర్థం కాలేదు. బస్సులో నా పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చుంది.