తిరిగి ఇవ్వని కారు

ఆ రోజుల్లో నాకు అనుమానం రాని వస్తువంటూ మా ఇంట్లో లేదు. పాలలో నీళ్ళున్నాయేమో, నీళ్ళలో పురుగులున్నాయేమో, జ్వరం చూసే గాజుగొట్టం అబద్ధం చెబుతోందేమో! తొలిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లికి బి.ఏ. చదువు ధైర్యమేమీ ఇవ్వదు, అనుమానాలకు కాస్త తర్కం నేర్పుతుంది, అంతే. మావారు కృష్ణపట్నం దగ్గర ఉప్పు ఆఫీసులో గుమాస్తా. సముద్రం ఎంత దగ్గరంటే ఆరేసిన బట్టలు కూడా తేమగానే ఉండేవి. నెల్లూరు బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది (అదీ డ్రైవరుకు బుద్ధి పుడితే). అలాంటి చోట, అలాంటి జీతంతో, మేము ఒక జమీందారీ కారుకు యజమానులమయ్యాం.

మా చర్చిలో కోత పండుగనాడు అందరూ తెచ్చిన తొలిపంటను ఆరాధన కాగానే వేలం వేస్తారు. గుమ్మడికాయ పాడుకున్నవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోడు. డబ్బు కట్టి, "తిరిగి దేవునికే" అని ఇచ్చేస్తాడు. మళ్ళీ పాట మొదలవుతుంది. అలా ఒక్క కాయే ఊరంతా చుట్టివచ్చి చర్చి పైకప్పుకు పెంకులు సంపాదించి పెట్టేది. ఆ ఏడు గుమ్మడికాయల పక్కన ఒక పెద్ద కారు నిలబడి ఉంది. బుచ్చిరెడ్డిపాలెం వైపు భూస్వామి ఒకాయన, తన భార్య మిషను ఆసుపత్రిలో బతికి బయటపడినందుకు మొక్కుగా ఇచ్చారట. పాస్టరుగారు పాట మొదలుపెట్టగానే జనమంతా ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. మావారి చెయ్యి ఒక్కటే లేచింది. నేను కంగారు పడలేదు. మర్యాదకు పాడారు, తిరిగి ఇచ్చేస్తారు అనుకున్నాను. పాస్టరుగారూ అదే అనుకుని ఆగారు.

"అన్నా, మరి..." అన్నారు.

నేను మోచేత్తో పొడిచాను. "ఇచ్చేయండి!"

ఆయన తలెత్తి పైకప్పు పెంకులు చూస్తూ కూర్చున్నారు. "ఏమండీ!" అన్నాను. పెంకులే. పోటీ పాట లేదు గనుక మా పెళ్ళినాటి మంచం ఖరీదుకే కారు మాదయింది.

ఎద్దులు దాన్ని లాక్కొచ్చి మా పెరట్లో వదిలాయి. వెనక కిటికీలకు పట్టు తెరలు, పువ్వులు పెట్టుకోవడానికి వెండిపూత గిన్నె, ఎలుకలు కొరికిన తోలు సీట్లు. పక్కింటి చేపల అత్త చుట్టూ ఒకసారి తిరిగి, "ఊరికినే ఎవురన్నా కారిస్తారా అమ్మాయ్? దాంట్లో ఏదో జరిగుంటాది" అంది. ఇంక నాకు అన్నం సయించలేదు. సీట్ల కింద తడిమాను, తెరలు వాసన చూశాను. ఒక హెయిర్ పిన్ను, కర్పూరం బిళ్ళ దొరికాయి. ఆ రెండింటితో నేను అల్లుకున్న హత్యలు ఇన్నీ అన్నీ కావు. వీటన్నిటికంటే పెద్ద అనుమానం మావారి మీదే. ఉన్నట్టుండి ఈయనకు దొరతనం మీద ఎందుకు మనసు పుట్టింది?

డబ్బు లేదు కాబట్టి ఊరే దాన్ని బాగుచేసింది. తుప్పు తిన్న అడుగుభాగానికి పడవల వడ్రంగి చెక్కలు బిగించి, పడవకు పూసే ఎర్రమట్టి రంగే పూసి డబ్బా మా వరండాలో వదిలిపోయాడు. సీట్లలో కొబ్బరిపీచు కూరాం. ఇంజను మాత్రం మావారు నెల్లూరు మెకానిక్కుకు అప్పగించారు. ఆయన్ను అందరూ గ్రీసు మామ అనేవారు. పొద్దున బస్సులో వచ్చి, విప్పిన సామాన్లను గోనెసంచిలో వేసుకుని సాయంత్రం బస్సులో పోయేవాడు. "ఇంటికాడ కడిగి తెస్తానమ్మా" అనేవాడు. ఇక్కడ నీళ్ళు లేవా? మంచి సామాను తీసుకుని పాతది తెచ్చి పెడతాడని నాకు ఖాయమైపోయింది. కాలేజీనాటి గోళ్ళరంగు సీసా వెతికి తీసి, మావారు ఆఫీసుకు పోగానే, చంటిదాన్ని చంకన వేసుకుని, చెయ్యి అందిన ప్రతి ఇనుపముక్కకూ ముదురెరుపు చుక్క పెట్టాను.

వారం తిరక్కముందే గ్రీసు మామ చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చాడు. "సారూ, నన్నొదిలెయ్యండి. ఈ బండికి ఎవురో చేతబడి చేసినారు. యాడ విప్పినా నెత్తురు చుక్కే!"

మావారు వంగి ఒక చుక్కను గోటితో గీరి చూశారు. తరవాత నా వైపు చూశారు. నేను బిడ్డ ముక్కు తుడిచాను (ముక్కు శుభ్రంగానే ఉంది).

"అది కంపెనీవాళ్ళ గుర్తు మామా. అసలు సామానుకే వేస్తారు" అన్నారు గంభీరంగా.

గ్రీసు మామ ఊపిరి పీల్చుకున్నాడు. "అట్నా! మరి ఇంజను చల్లార్చే ఈ నీళ్ళ పంపుకు లేదే?" అనేసి, ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి నాలిక కరుచుకున్నాడు.

"అవును, లేదే," అన్నారు మావారు.

మర్నాడు చూస్తే పంపుకూ ఒక చుక్క వచ్చింది. నాది ముదురెరుపు, అది మట్టిరంగు. వరండాలో పడవరంగు డబ్బా మూత తీసి ఉంది! "చూశారా, ఇది మన పంపు కాదు! అడగండి!" అని ఆయన్ను పెరట్లోకి లాక్కొచ్చాను.

"నీళ్ళు తోడుతోందా?"

"తోడుతోంది, అయితే మాత్రం..."

"వానలొస్తున్నాయి," అన్నారు ఆయన నెమ్మదిగా. "పోయినేడు చంటిదానికి ఆయాసం వస్తే ఆసుపత్రికి ఎద్దులబండిలో ఎంతసేపు పోయినాం? గుమ్మడికాయైతే తిరిగి ఇచ్చేవాణ్ణే."

నేను వరండాలోకి వెళ్ళి రంగు డబ్బాకు మూత పెట్టేశాను.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం బిడ్డ ఆయాసంతో డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. బస్సు జాడ లేదు. గ్రీసు మామ దగ్గర నేర్చుకున్న కాస్త విద్యతో మావారు చక్రం పట్టారు. చేపల అత్త, ఆమె కొడుకులు తోస్తే కారు దగ్గి, ఉరిమి, కదిలింది. "దాంట్లో ఏం జరిగున్నా కానీ, పో తల్లా, పో!" అని అత్త అరిచింది. బిడ్డను గుండెకు హత్తుకుని దారిపొడుగునా నేను ఇంజను మూత మీదనుంచి కన్ను తిప్పలేదు. ఆ దొంగచుక్క పంపు ఎక్కడ మొండికేస్తుందోనని! అది మొండికేయలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగినప్పుడు కారు పొగలు కక్కుతోంది, లోపల డాక్టరమ్మ చేతుల్లో బిడ్డ మెల్లగా ఊపిరి తీసుకుంది.

ఆ బిడ్డ ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోతోంది. నిద్రలో దాని ఊపిరి సాఫీగానే ఉంటుంది, అయినా ఈ రాసేది ఆపి ఇందాకే ఒకసారి వెళ్ళి చెవి పెట్టి విన్నాను. సీసా పట్టుకుని ఇంజనులోకి తలదూర్చిన ఆ పిల్లతల్లిని తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆమె ఎక్కడికీ పోలేదని తెలిసి ఇంకొంచెం నవ్వొస్తుంది. మరుసటేడు కోత పండుగలో పాస్టరుగారు అందరి ముందూ, "ఏమన్నా, ఈసారైనా కారు దేవునికి తిరిగొస్తాదా?" అని అడిగారు. జనం గొల్లున నవ్వారు. మావారు నా వైపు తిరిగారు.

నేను తలెత్తి పైకప్పు పెంకులు చూస్తూ కూర్చున్నాను.